నెరసిన టేకు

తెరచాప పడవలు నిలుచు రేవులలో కొయ్యపని రెండు విధములుగా కనుపించును. ఒక పడవ చేతికమ్ములు, తలుపులు, చుక్కాని పిడి తేనెరంగున నిగనిగలాడుచుండును. ప్రక్కనున్న మరియొక పడవపై కొయ్య అంతయు బూడిదవన్నెకు తిరిగి, నెరసిన తలవలె ఉండును. మొదటి పడవ యజమాని శ్రద్ధగలవాడనియు, రెండవవాడు సోమరియనియు చూచువారు తలంతురు. ఈ తీర్పు పలుమారులు తప్పగును. టేకు విషయమున నెరయుట ముదిమికి గురుతు కాదు. నిగారింపు ఆరోగ్యమునకు గురుతు కాదు. సముద్రముపై టేకును కాపాడదలచినవాడు ఏమి చేయవలెనో తెలిసికొనుటకు ముందు ఏమి చేయరాదో తెలిసికొనవలెను. ఎండవానలవలన చెడిన డెక్కులున్నట్లే, యజమానుల అతిశ్రద్ధవలన అరిగి నశించిన డెక్కులును లోకమున పెక్కు కలవు.

చేవగల కొయ్య

'చేవ' అను మాటను తెలుగువారు మ్రాకులయెడలను, మనుష్యులయెడలను ఒకే తీరున వాడుదురు. చెట్టు నడుమ ముదిరి గట్టిపడిన భాగము చేవ. టేకు గొప్పతన మంతయు ఈ చేవయందే ఉన్నది. దానిలో సహజమైన నూనెలు, రబ్బరువంటి పదార్థము, సన్నని ఇసుకరేణువులవంటి సిలికా నిండి యుండును. నూనెలు నీటిని లోనికి పోనీయవు. చెదలకును, బూజునకును సరిపడని ద్రవ్యములు కొయ్యలోనే పుట్టియున్నవి. చేవ చుట్టును ఉండు తెల్లని పైకొయ్యకు ఈ గుణములు లేవు. అది తక్కిన కొయ్యలవలెనే క్రుళ్ళును. కనుకనే మంచి ఓడవడ్రంగి తెల్లకొయ్య అంటియున్న పలకను డెక్కుమీదకు రానీయడు.

వేరొక గుణము కూడ గమనింపదగినది. కొయ్య ఏదైనను తడికి ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. ఐరోపా ఓడలకు వాడిన ఓక్ కొయ్యతో పోల్చినచో టేకు సుమారు సగము మాత్రమే ముడుచుకొనును. దినమునకు పలుమారులు తడిసి ఆరెడు డెక్కునకు ఇంతకంటె ముఖ్యమైన గుణము లేదు. అదిగాక, ఓక్‌లోని ఆమ్లము ఇనుప మేకులను తినివేయునంతగా టేకు తినదు.

ఈ కొయ్య పేరును దక్షిణదేశమునుండియే లోకమునకు పోయినది. మలయాళదేశమున 'తేక్కు' అను మాటను పోర్చుగీసువారు విని 'తేకా' యనిరి. దానినుండి ఆంగ్లేయుల 'టీక్' పుట్టినది. తెలుగు 'టేకు' ఆ కుటుంబములోని మాటయే. 18వ శతాబ్ది చివర వృక్షశాస్త్రజ్ఞులు దీనికి 'టెక్టోనా గ్రాండిస్' అని పేరిడిరి. అందలి మొదటి పదము వడ్రంగిని తెలుపు గ్రీకు పదమునకు చెందినది.

బొంబాయి కట్టిన ఓడ

టేకు ఎంతకాలము నిలుచునో చెప్పుటకు ఒక ఓడ చాలును. 1736లో సూరతునుండి బొంబాయికి వచ్చిన లవజీ నుస్సర్వాంజీ వాడియా అను పారసీక శిల్పి అచట ఓడల నిర్మాణమునకు పునాది వేసెను. తరువాతి తరములవారును ఆ వృత్తినే అవలంబించిరి. నెపోలియను యుద్ధములనాటికి ఇంగ్లండులో ఓడలకు తగిన ఓక్ కొయ్య కరవైనది. అందుచే బ్రిటిషు నౌకాదళమువారు కొన్ని యుద్ధనౌకలను బొంబాయిలోనే టేకుతో కట్టించిరి. జంషెడ్జీ బొమాంజీ వాడియా నిర్మించిన 'ట్రింకోమలీ' అను తెరచాప యుద్ధనౌక 1817 అక్టోబరు 12న నీటికి దిగినది. 1990 మొదలు 2001 వరకు ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవున దానిని జీర్ణోద్ధారణ చేసిరి. అది నేటికిని అక్కడనే నీటిపై తేలుచున్నది. రెండువందల యేండ్లు దాటినను, దాని దేహమున మొదటి టేకు చాలభాగము మిగిలియున్నది.

ఇనుప ఓడలు వచ్చిన పిదపకూడ టేకు తొలగిపోలేదు. 1860లో నీటికి దిగిన 'వారియర్' అను బ్రిటిషు యుద్ధనౌక ప్రక్కలకు 114 మిల్లీమీటర్ల ఇనుప కవచముండగా, దాని వెనుక 457 మిల్లీమీటర్ల మందమున టేకును అమర్చిరి. గుండు తగిలినప్పుడు ఆ దెబ్బను ఓర్చుకొనునది ఆ కొయ్యయే.

తెలుగుదేశమునకును ఈ కథలో భాగము కలదు. గోదావరి పాయ ఒడ్డున కోరంగి రేవులో 18, 19 శతాబ్దులలో ఓడలను కట్టుటయు, మరమ్మతు చేయుటయు సాగుచుండెను. ఎగువ అడవుల టేకు దుంగలు గోదావరి ప్రవాహముతోనే దిగువకు వచ్చెడివి. 1839 నాటి తుపాను ఆ రేవును దెబ్బతీయగా, కోరంగి పూర్వవైభవము మరల రాలేదు.

బూడిదవన్నె ఎట్లు వచ్చును?

కొయ్య అనునది సెల్యులోజు అను సన్నని పోగుల కట్ట. ఆ పోగులను ఒకదానికొకటి అంటించియుంచు జిగురువంటి పదార్థమునకు లిగ్నిన్ అని పేరు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు ఈ లిగ్నిన్‌ను విడగొట్టును. వర్షము, కెరటముల తుంపర దానిని కడిగివేయును. పైన మిగులునవి వన్నె లేని పోగులు మాత్రమే. అవియే వెండిబూడిద రంగున కనుపించును.

ఈ మార్పు పైపొరకే పరిమితము. నెరసిన పలకపై చిత్రిక ఒకటి రెండుసారులు పట్టినచో మిల్లీమీటరు లోతుకు ముందే గోధుమవన్నె కొయ్య తన సహజమైన వాసనతో బయటపడును. ఆ పలుచని బూడిదపొర క్రింది కొయ్యకు ఒక విధమైన గొడుగు. దానిని తీసివేసిన ప్రతిసారియు సూర్యుడు క్రొత్త కొయ్యతో తన పని మొదలుపెట్టును. మరల నెరయును, మరల తీయవలసివచ్చును. ఈ పందెములో ఓడునది సూర్యుడు కాడు.

నలుపు సంగతి వేరు. నల్లని చుక్కలున్నచో అది బూజు. ఇనుప మేకు చుట్టును నల్లని వలయమున్నచో అది ఇనుపమరక. బూడిదను చూచి భయపడనక్కరలేదు. నలుపును చూచి కారణము వెదకవలెను.

తోమినకొలది తరుగు

పూర్వపు ఓడలలో డెక్కు పలకలు చాల మందముగా నుండెడివి. నావికులు ప్రతి ఉదయము మోకాళ్ళపై కూర్చుండి, నీరును ఇసుకయు చల్లి, మెత్తని ఇసుకరాతితో డెక్కును రుద్దుచుండెడివారు. ప్రార్థనలోవలె మోకరిల్లి చేయు పని గనుక ఆ రాతికి 'పవిత్రశిల' అను పరిహాసనామము వచ్చెనని చెప్పుదురు. డెక్కు తెల్లగా మెరయుట క్రమశిక్షణకు గురుతుగా ఎంచబడెను. కాని లెక్క మరియొకచోట పెరుగుచుండెను. 1931లో అమెరికా నౌకాదళ శాఖ ఈ రాతి వాడుకకు హద్దు విధించినది. రాతివలన డెక్కులు త్వరగా అరిగిపోవుచున్నవనియు, వానిని మార్చుటకగు వ్యయమును భరింపజాలమనియు కారణము చూపినది. తళుకునకు ఏమి వెల చెల్లింపబడుచున్నదో ఒక గొప్ప నౌకాదళమునకే అంత ఆలస్యముగా తెలియవచ్చినది.

నేటి తెరచాప పడవలలో ఆ మందముకూడ లేదు. ఫైబర్‌గ్లాసు దేహముపై సాధారణముగా 6 మొదలు 12 మిల్లీమీటర్ల టేకు పలకలను పరచుదురు. పలకలను మరలతో బిగించి, మరతలపై చిన్న టేకు బిళ్ళలు కొట్టి మూయుదురు. ఇప్పుడొక లెక్క వేయవచ్చును. పలక మందము 10 మిల్లీమీటర్లనియు, మరతలపై బిళ్ళ మందము 5 మిల్లీమీటర్లనియు అనుకొందము. గట్టి తోముడువలన ఏటికి పావు మిల్లీమీటరు పోయినచో, ఇరువదియేండ్లకు 5 మిల్లీమీటర్లు పోవును. అప్పటికి పలక ఇంకను సగము మిగిలియుండును; కాని బిళ్ళలు అరిగి ఊడిపోవును, మరలు బయటపడును. మరరంధ్రములవెంట నీరు క్రిందికి దిగును. ఫైబర్‌గ్లాసు పొరల నడుమ బాల్సా కొయ్యయో, ప్లైవుడ్డో ఉన్నచో అది కంటికి కనబడకుండ క్రుళ్ళుట ఆరంభించును. డెక్కు పైన అందముగానే యుండగా పడవ లోపల చెడుచుండును.

కొయ్యనార వెంబడి గట్టి బ్రష్‌తో తోముట మరింత హాని. టేకులో ఏటేట మొదట పెరుగు పొర మెత్తగాను, తరువాతి పొర గట్టిగాను ఉండును. నారవెంట తోమినపుడు మెత్తని పొర లేచిపోయి గట్టిది గట్లవలె మిగులును. ఆ చాళ్ళలో మురికి చేరును. మురికిని తీయుటకు ఇంకను గట్టిగా తోముదురు. అధిక పీడనముతో నీటిని చిమ్ము యంత్రములు ఈ పనినే ఇంకను వేగముగా చేయును. అంగళ్ళలో దొరకు తీవ్రమైన క్షార, ఆమ్ల ద్రావకములు నెరసిన కొయ్యను నిమిషములలో బంగారువన్నెకు తెచ్చును గాని, మెత్తని పోగులను కరగించివేయును. పలకల నడుమ సందులను మూసిన పదార్థమును కూడ చెరచును.

కడుగు విధము

టేకు డెక్కునకు వలసిన నిత్యసేవ చాల స్వల్పము. సముద్రపు నీటినే చల్లి, స్పాంజితోగాని మెత్తని బ్రష్‌తోగాని, నారకు అడ్డముగా, తేలికగా తుడువవలెను. ఉప్పునీరు బూజును కొంత అడ్డును; కొయ్యలో కొంత చెమ్మను నిలుపును. ఉష్ణమండల సముద్రములలో పూర్వపు నావికులు డెక్కును తరచుగా తడిపెడివారు. పలకలు ఎండి ముడుచుకొని సందులు తెరచుకొనకుండుటకై ఆ జాగ్రత్త అవసరమయ్యెను. నూనె, కొవ్వు మరకలు పడినచో అవి ఇంకకముందే కొద్ది సబ్బునీటితో తీయవలెను. డెక్కు విషయమున దీనిని మించిన అలంకారము అనవసరము. నెరసిన టేకు తడిసినపుడుకూడ పాదమును జారనీయదు. వార్నీషు పూసిన డెక్కుపై తుపానులో నావికుడు నిలువజాలడు. అందుచే ఇచట అందముకంటె ప్రాణరక్షణయే ముఖ్యము.

నూనెయా, వార్నీషా?

చేతికమ్ములు, తలుపులు, చుక్కాని పిడి మొదలగువాని సంగతి వేరు. వానిపై ఎవరును నడువరు. వానికి నూనెగాని వార్నీషుగాని పూయవచ్చును.

'టేకునూనె' అని అంగళ్ళలో అమ్మునది టేకునుండి తీసినది కాదు. అది సాధారణముగా అవిసెనూనెతోగాని టుంగ్ నూనెతోగాని పలుచని ద్రావకములను కలిపి చేసినది. పూసినదినమున వన్నె సొగసుగా తేలును; కాని ఎండలో ఆ నూనె నెలలలోనే పోవును, ధూళిని పట్టును, బూజునకు ఆహారమగును. నూనె పూయ నారంభించినవాడు పూయుచునే యుండవలెను. ఇందొక అపాయమును కలదు. అవిసెనూనె ఆరుట యనగా గాలిలోని ప్రాణవాయువుతో కలియుట. ఆ కలయికలో వేడి పుట్టును. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేసినచో ఆ వేడి బయటకు పోలేక గుడ్డలు తమంతట తామే అంటుకొనవచ్చును. వానిని విప్పి ఆరబెట్టవలెను, లేదా నీటిలో ముంచి యుంచవలెను.

వార్నీషు పని ఎక్కువ ఓర్పును కోరును. పడవలకు వాడు వార్నీషు పూర్వము తెరచాప కొయ్యలకై చేయబడినది. గాలికి వంగెడు కొయ్యపై అది పగులక తానును వంగవలెను. గట్టితనముకంటె సాగుడుగుణము దానికి ముఖ్యము. మొదట వడ్రంగులు ఉప్పుకాగితమని పిలుచు గరుకు కాగితముతో కొయ్యను చదును చేయవలెను. 80 సంఖ్య కాగితముతో ప్రారంభించి, 120, పిదప 220 వరకు పోవుదురు. టేకు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కునకు, నోటికి అడ్డు కట్టుకొనవలెను. వార్నీషు పూయుటకు సరిగా ముందు కొయ్యపైకి ఊరిన నూనెను ఎసిటోన్ తడిపిన గుడ్డతో తుడువవలెను. సముద్రమునుండి టేకును కాపాడు ఆ నూనెయే వార్నీషును అంటనీయదు.

మొదటి పూతలో వార్నీషును దాదాపు సగమునకు సగము పలుచన చేయుదురు. అది కొయ్యలోనికి ఇంకవలెను. రెండవ పూత కొంచెము చిక్కగాను, తరువాతివి పూర్తిగా చిక్కగాను ఉండును. ఒక్కొక్క పూత ఆరిన పిదప సన్నని కాగితముతో తేలికగా రుద్ది, ధూళి తుడిచి, మరియొకటి వేయుదురు. ఇట్లు ఆరుగాని ఎనిమిదిగాని పూతలు వేసినప్పుడే ఎండను ఆపగల మందము ఏర్పడును. డబ్బాను కుదుపరాదు, కుదిపిన బుడగలు పుట్టును. ఉదయము మంచు ఆరిన పిదప మొదలిడి, సాయంత్రపు మంచు దిగుటకు చాల ముందే ముగింపవలెను. మిట్టమధ్యాహ్నపు ఎండ పనికిరాదు.

ఇంతచేసినను అది శాశ్వతము కాదు. ఉష్ణదేశములలో ఏటికి ఒకటి రెండు క్రొత్త పూతలు తప్పవు. ఎచ్చటనైన గీత పడినచో వెంటనే మూయవలెను. ఆ గీతలోనుండి దిగిన నీరు వార్నీషు క్రింద చిక్కుకొని, కొయ్యను నల్లపరచి, చుట్టును పూతను లేపివేయును. ఒకనాడు గంటలో ముగియు మరమ్మతును వాయిదావేసినవాడు, మరుసటియేడు అంతయు గీకి మొదటినుండి ప్రారంభింపవలసివచ్చును. గీకునప్పుడుకూడ కొయ్యకు గాయము కాకుండ వేడిగాలితో మెత్తపరచి పదునైన పట్టీతో తీయవలెను. మిగిలిన ఇనుపమరకలను ఆక్సాలిక్ ఆమ్లము పోగొట్టును. అది విషము గనుక చేతికి తొడుగులు వలయును, పిదప మంచినీటితో చక్కగా కడుగవలెను.

సందులను మూయుట

డెక్కు నీటిని ఆపునది పలకలవలన మాత్రమే కాదు, పలకల నడుమ సందులవలన. పూర్వము పాత త్రాళ్ళను విప్పి, ఆ జనపనారకు తారు పట్టించి, ఉలివంటి పనిముట్టుతో సందులలో కొట్టి, పైన కాగిన కీలు పోసెడివారు. నేడు రబ్బరువలె సాగెడు పదార్థములను నింపుచున్నారు. ఇందొక సూక్ష్మము కలదు. ఆ పదార్థము రెండు ప్రక్కల పలకలకు మాత్రమే అంటుకొనవలెను, అడుగునకు అంటుకొనరాదు. మూడువైపుల అంటినది పలకలు కదలినపుడు స్వేచ్ఛగా సాగజాలక చినుగును. అందుకే నింపుటకు ముందు సందు అడుగున అంటుకొననీయని సన్నని పట్టీని వేయుదురు. లోపలికి దిగిన నీరు ఎక్కడనుండి వచ్చినదో తెలిసికొనుటకు కూడ ఒక తేలిక ఉపాయము కలదు. డెక్కును తడిపి ఆరనిచ్చినచో, అంతయు ఆరిన పిదపకూడ ఏ సందు ప్రక్కన తడిగీత నిలుచునో అచ్చటనే లోపము.

పలక వెనుక చెట్టు

ఒక టేకు పలకను మార్చుట డబ్బుతో ముగియు పని కాదు. తోటలలో పెంచిన టేకుకూడ ఓడపనికి తగిన చేవ తేరుటకు యాభై, అరువదియేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకుమించి పట్టును. బర్మా అడవులలో కోయదలచిన చెట్టు మొదట చుట్టును బెరడును తెల్లకొయ్యయు తెగునట్లు గాటు పెట్టి, రెండుమూడేండ్లు నిలువుననే ఎండనిచ్చెడివారు. పచ్చి టేకు నీట తేలదు. ఎండినగాని దుంగను నదిలో విడువ వీలులేదు. మలబారు అడవులు ఓడలకై తరగిపోగా, కలెక్టరు కానలీ ప్రోత్సాహమున, చాతు మేనోన్ పర్యవేక్షణమున 1840 దశకములో నీలంబూరులో టేకు తోటలు వేయబడినవి. నరికినవారు నాటవలెనను బుద్ధి అప్పటికి కలిగినది.

నేడు సమస్య మరింత చిక్కుపడినది. ఓడపనికి మిక్కిలి పేరుగన్న అడవిటేకు మయన్మారునుండి వచ్చెడిది. ఆ దేశము 2014లో దుంగల ఎగుమతిని నిషేధించినది. 2021 ఫిబ్రవరిలో సైన్యము అధికారమును చేజిక్కించుకొనగా, అదేయేడు అమెరికా, ఐరోపా సమాఖ్య ఆ దేశపు ప్రభుత్వ కలప సంస్థపై ఆంక్షలు విధించినవి. అడవిటేకు కొనుట ధర ప్రశ్న మాత్రమే కాక ధర్మప్రశ్న కూడ అయినది. పడవలను కట్టువారిలో పలువురు తోటటేకునకును, ప్లాస్టిక్కు పలకలకును, బెండునకును, వేడితోగాని రసాయనములతోగాని గట్టిపరచిన ఇతర కొయ్యలకును మరలుచున్నారు.

కనుక ఇప్పటికే పడవలపైనున్న టేకును అరుగనీయక నిలుపుటయే అడవికి చేయదగిన మేలు. ఒక మిల్లీమీటరు టేకును పెంచుటకు చెట్టు ఎన్నో మాసములు శ్రమించును. దానిని పోగొట్టుటకు గట్టి బ్రష్ గలవానికి కొన్ని ఉదయములు చాలును. తెలిసిన నావికుడు డెక్కును తడిపి, మెత్తగా తుడిచి, సందులను పరీక్షించి, ఊడిన బిళ్ళను నాడే మార్చి ఊరకుండును. పలకను నెరయనిచ్చును. పలక మందమే దాని ఆయుర్దాయమని అతనికి తెలియును.